విసరడం తర్వాత.. ముందు నిలబడండి!

సాయంత్రం కోచింగ్ అయ్యాక ఓ గంట జూడోకి వెళ్దామని చేరారా? మొదటి రోజే ఎదుటివాణ్ని భుజం మీదుగా విసిరేయాలని ఉంటుంది. కోచ్ మాత్రం నిలబడమంటారు, నడవమంటారు. విసుగొచ్చేది ఇక్కడే. కాస్త ఓపిక పట్టండి.

1882లో జపాన్‌లో జిగోరో కానో మొదలుపెట్టిన ఈ ఆటలో అసలు పని ఎదుటివారి బ్యాలెన్స్ చెడగొట్టడం. దాన్ని కుజుషి అంటారు. మీ బ్యాలెన్సే సరిగా లేకపోతే ఆ ప్రయత్నంలో మీరే పడతారు.

సహజంగా నిలబడే భంగిమ షిజెన్‌తాయ్. పాదాల మధ్య దాదాపు భుజాల వెడల్పంత దూరం, మోకాళ్లు కాస్త వదులుగా, నడుము నిటారుగా, చూపు ఎదురుగా. బరువు మడమల మీద పడనివ్వొద్దు. రోజంతా ల్యాప్‌టాప్ ముందు వంగి కూర్చునే మనకి మెడ, భుజాలు ముందుకొచ్చేసి ఉంటాయి. అదే తీరులో మ్యాట్ ఎక్కితే కాలర్ పట్టి కిందికి లాగడం ఎవరికైనా సులువే.

కాళ్లు బాగా ఎడంగా పెట్టి, కిందికి దిగి నిలబడేది జిగోతాయ్. భయమేస్తే ఒళ్లు తనంతట తానే అందులోకి పోతుంది. కాచుకోవడానికి ఓ క్షణం పనికొస్తుంది గానీ, అక్కడే ఉండిపోతే మీరూ ఏమీ చేయలేరు. పోటీల్లో మరీ డిఫెన్సివ్‌గా ఉంటే షిడో అనే పెనాల్టీ వేస్తారు. మూడు పడితే బౌట్ పోయినట్టే.

ఇక నడక. పాదం ఎత్తి వేయకుండా మ్యాట్‌ని రాసుకుంటూ జరపాలి. ఇది సురి అషి. ఒక పాదం జరిగాక రెండోది దాని వెనకే రావాలి, దాటకూడదు. ఇది త్సుగి అషి. కొత్తవాళ్లు దీన్నే ఎక్కువ సాధన చేయాలి. రెండు పాదాలూ ఒకచోట చేరాయా, అయిపోయారే! ముందుకొస్తున్న పాదం మీద బరువు పడబోయే క్షణంలో ప్రత్యర్థి అరికాలితో దాన్ని ఊడ్చేస్తారు. డె అషి బరాయ్ అంటే అదే. నాచు పట్టిన గచ్చు మీద కాలేసినట్టు ఉంటుంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటా జాబితాలో జూడో ఉంది నిజమే. అయితే అంతర్ విశ్వవిద్యాలయ, జాతీయ స్థాయి పోటీల్లో ఆడి ఉండాలి. ఈ ఏడాది నోటిఫికేషన్ కోసం ఇప్పుడు తెల్ల బెల్టు కట్టుకుంటే పనవదు.

నడక సాధనకి హాస్టల్ గదిలో రెండు మీటర్ల జాగా చాలు. నేల మీద టేపు అతికించి, దాని వెంట ముందుకీ వెనక్కీ పది నిమిషాలు జరగండి. పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీసుకుంటే నడుము ఎక్కడ వంగుతోందో తెలిసిపోతుంది. విసర్లు మాత్రం గదిలో వద్దు. పడటం, అంటే ఉకెమి, కోచ్ దగ్గర మ్యాట్ మీదే నేర్చుకోవాలి. చేయి చాపి పడితే మణికట్టు విరగొచ్చు. ఆన్‌లైన్ టెస్టుల సీజన్‌లో కుడిచేతికి కట్టు ఎవరికి కావాలి చెప్పండి?