ఆగుంబె అడవిలో వాన

ఆషాఢమాసమున మంగళూరునుండి ఉడుపికి తీరపు బాటపై పోవువానికి ఎడమను అరేబియా సముద్రము, కుడిని సహ్యాద్రి కనబడవలసినవే. కాని రెండును వానతెరలో మఱుగుపడియుండును. అలల హోరేదో, జడివాన హోరేదో చెవికి తెలియదు. ఉడుపి కడ తీరమును విడిచి తూర్పునకు మరలి, హెబ్రి దాటి, సోమేశ్వరము వద్ద కొండ నెక్కినచో, బాట 14 మలుపులు తిరిగి ఆగుంబె చేరును. ఉడుపినుండి దూరము సుమారు 55 కిలోమీటర్లే.

ఇచ్చట ఏటికి సగటున 7,000 మిల్లీమీటర్లకు మించి వాన కురియును. కడలి మీదుగా వచ్చు నైరృతి మేఘములు, కొండ అడ్డుపడగా పైకెగసి, చల్లబడి, తమ భారమును దించుకొనుటయే ఇందులకు కారణము.

బండి దిగి కాలిబాట పట్టినవానికి మొదట ఎదురగునవి జలగలు. ఆకుచెత్తనుండి తలలెత్తి పాదములను వెదకుకొనుచు వచ్చును. పిమ్మట తెలియునది చీకటి. పట్టపగలును కొమ్మల కప్పుక్రింద మునిమాపువలె నుండును. సన్నగా సాగిన ఆకుల కొనలు నీటిని నిలువనీయక జాఱ్చుచుండును. వాన వెలిసి గడియ దాటినను అడవిలో చినుకులు రాలుచునేయుండును. అడుగిడిన నేల మెత్తగా దిగును. ఏండ్లతరబడి రాలి క్రుళ్ళిన ఆకులును, వేళ్ళ అల్లికయు కలిసి జడివానను పీల్చుకొని, మెల్లమెల్లగా ఊటలుగా విడుచును. అందువలననే వానలు కట్టిన వెనుకను ఇచ్చటి వాగులు పాఱుచుండును.

ఈ కొండ అంచు నీటికి పొలిమేర. పడమటికి జాఱిన చినుకు సీతానదిలో పడి, కొలది దూరముననే అరేబియా సముద్రము చేరును. తూర్పునకు ఒరిగిన చినుకు తుంగలో చేరి, కూడ్లి కడ భద్రతో కలిసి, తుంగభద్రయై హోసపేట ఆనకట్టను చేరును. అచ్చటినుండి ఎగువ కాలువ అనంతపురము సీమకు పోవును. ఆ సీమలో సగటున ఏటికి 600 మిల్లీమీటర్ల వానయు పడదు.

1953లో నీరు నిలిపిన నాడు సుమారు 133 శతకోటి ఘనపుటడుగులు పట్టిన ఆ జలాశయము, పూడికచే నేడు సుమారు 105 మాత్రమే పట్టుచున్నది. ఒకసారి పేరుకొన్న పూడికను తీయుట సులభము గాదు. కొండమీది మన్నును కొండమీదనే నిలుపుటయే మేలు. ఆ పని చేయునవి చెట్ల వేళ్ళు.

ఆగుంబెలో తలమునుకలుగా తడిసి, కాళ్ళనుండి జలగలను దులుపుకొని మరలివచ్చు ప్రయాణికుడు, అనంతపురపు రైతు కాలువగట్టున నిలిచి ఎదురుచూచు నీటిని దాని పుట్టినింట చూచివచ్చినవాడే.