లోహమున లోహము పొదుగు విద్య

లోహమును అలంకరించు పద్ధతులు పెక్కు గలవు. ముంచింగిపుట్టు కొండలలో గదబ స్త్రీలు తరతరములుగా ధరించుచు వచ్చిన దళసరి కంటెలకు ఆకారమే అందము. ఒక లోహమున వేరొక లోహమును పొదిగి చిత్రము దీర్చుట మరియొక పద్ధతి. మనకు దగ్గరలో దీనికి ఉదాహరణము బిదిరీ పని. నేడు కర్ణాటకములోనున్న బీదరు నగరమును బట్టి దానికి ఆ పేరు వచ్చినది. హైదరాబాదునందును ఆ పని జరుగుచున్నది.

తుత్తునాగము ఎక్కువగాను, రాగి కొద్దిగాను కలిపి కరగించి పాత్రను పోత పోయుదురు. ఆకురాయితో నునుపు చేసి, చెక్కిన గీతలు తెల్లగా కనబడుటకై మైలతుత్తపు నీటితో పైభాగమును తాత్కాలికముగా నలుపు చేయుదురు. సన్నని ఉలితో లతలు, పువ్వులు చెక్కి, ఆ గాడులలో వెండి తీగెనో రేకునో ఉంచి సుత్తితో మోదుదురు. జిగురుతో పనిలేదు, మెత్తని వెండి గాడిలో ఇరుకుకొని నిలుచును. చివరకు బీదరు కోటమట్టిని నవాసారముతో కలిపి, వెచ్చజేసిన పాత్రపై రుద్దుదురు. పాత్ర శాశ్వతముగా నల్లబడును. వెండి తెల్లగనే యుండును.

జపానువారు ఈ విద్యను జోగన్ అందురు. అందొక పద్ధతిలో ఇనుమును బట్ట నేతవలె అడ్డు నిలువు గీతలతో గరుకు చేసి, పలుచని బంగారు రేకును ఆ గరుకు పట్టునట్లు కొట్టుదురు. ఒకప్పుడిది ఖడ్గముల అలంకారము. 1876లో ప్రభుత్వము ఖడ్గధారణమును నిషేధింపగా, లోహపు పనివారు పూలపాత్రలు మొదలైనవి చేసి విదేశములకు పంపిరి. 1945లో యుద్ధము ముగిసిన పిదప 1950లో వచ్చిన చట్టము, వస్తువునే గాక చేతి నేర్పును గూడ జాతి సంపదగా గుర్తించినది. 1955 నుండి అట్టి నేర్పరులను ప్రభుత్వమే ఎంచి గౌరవించుచున్నది. పొదుగు పనిలో ప్రసిద్ధుడైన నకగవ మమోరు 2004లో ఆ గౌరవము పొందెను.

ఖడ్గములవలెనే హుక్కాలును, తాంబూలపు పెట్టెలును వాడుక తప్పినవి. బిదిరీకి 2006లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2023లో బీదరు కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీ పద్మశ్రీ పొందిరి. ఇవి సంతోషకరములే. కాని గుర్తింపు వస్తువు పేరును కాపాడును. చేతిని కాపాడునది గిరాకీ. గాడి తీయు నేర్పు ఏండ్ల తరబడి అలవడవలెను. కొనువారు లేనిచో కుమారుడు వేరొక వృత్తికి పోవును. ఒక తరము తప్పినచో ఆ నేర్పు పుస్తకమునుండి తిరిగి రాదు. కావున నల్లని పాత్రపై వెండి పువ్వును చూచినపుడు వెలతో పాటు దానిని చెక్కిన చేతిని గూడ తలచుకొందము.