హుకుంపేట మన్యములో పాత బొలెరో, స్కార్పియోల మరమ్మతులు

అల్లూరి సీతారామరాజు జిల్లా హుకుంపేట మండలములోను, దానిని ఆనుకొని ఉన్న పాడేరు, డుంబ్రిగుడ, అరకులోయ మండలములలోను చేతులు మారి వాడుకలో ఉన్న మధ్యస్థాయి వాహనములలో మహీంద్రా బొలెరో, మహీంద్రా స్కార్పియో చెప్పుకోదగినవి. పేరు ఏదైనను వాడుకలో వీటిని జీపులనే అంటారు. మైదానములో కొని కొండకు తెచ్చిన పాత వాహనములో ఏ భాగములు ముందుగా పాడవుతాయి, వాటి మరమ్మతుకు ఎంత ఖర్చు అవుతుంది అనునవి ఈ వ్యాసములోని విషయములు.

ప్రాంతము, దారులు

హుకుంపేట తూర్పు కనుమలలో పాడేరు నుండి అరకు వెళ్ళు దారిలో ఉన్నది. 2022 ఏప్రిల్ 4కు ముందు ఈ మండలము విశాఖపట్నం జిల్లాలో ఉండేది. పాడేరు, అరకు పీఠభూమి సముద్ర మట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇక్కడి నుండి మైదానమునకు దిగుటకు రెండు ముఖ్యమైన ఘాట్ రోడ్లు కలవు. ఒకటి పాడేరు నుండి మాడుగుల, చోడవరం వైపునకు, రెండవది అరకు నుండి అనంతగిరి మీదుగా శృంగవరపుకోటకు దిగుతాయి. విశాఖపట్నము వంద కిలోమీటర్లకు పైబడిన దూరములో ఉన్నది.

కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్‌మా వంటి పంటలు వారపు సంతలకు చేరుటకు, సంత నుండి మనుషులు ఊళ్ళకు చేరుటకు జీపులే ఆధారము. రోడ్డు లేని గూడెముల నుండి రోగులను, గర్భిణులను డోలీలో మోసుకొని వచ్చు సంఘటనలు ఈ ఏజెన్సీలో తరచుగా జరుగుతూనే ఉన్నవి. డోలీ ఆగిన చోట ఎక్కించుకొనునది అంబులెన్సు, అది అందనప్పుడు దగ్గరలోని ఏదో ఒక జీపు. కనుక ఇక్కడ జీపు షెడ్డులో ఉన్నదన్న మాటకు యజమాని కిరాయి పోయినదన్న అర్థము ఒక్కటే లేదు.

ఏ తరము వాహనము

పాత వాహనము కొనునప్పుడు తయారైన సంవత్సరమును బట్టి అందులోని ఇంజను ఏదో తెలుస్తుంది. మరమ్మతు ఎక్కడ జరుగును, ఎంత అగును అన్నవి చాలావరకు దానిపైనే ఆధారపడి ఉంటాయి.

బొలెరో 2000 సంవత్సరములో విడుదలైనది. తొలి బొలెరోలలో సుమారు 2.5 లీటర్ల డీజిల్ ఇంజను, దానికి యాంత్రికముగా పనిచేయు ఇంధన పంపు ఉండేవి. అందులో కంప్యూటరు లేదు. గాలి పట్టి ఇంజను ఆగిపోయినచో చేతి పంపుతో గాలి తీసివేసి మరల నడుపవచ్చును. స్పానర్లు, కొంత అనుభవము ఉన్న ఏ మెకానిక్ అయినను దీనిని బాగుచేయగలడు. స్కార్పియో 2002 జూన్‌లో 2.6 లీటర్ల టర్బో డీజిల్ ఇంజనుతో వచ్చినది. ఆ తరువాత ఇందులో కామన్ రైల్ పద్ధతి ప్రవేశించినది. 2009లో 2.2 లీటర్ల ఎం-హాక్ ఇంజను వచ్చినది. దేశమంతటా 2017 ఏప్రిల్ నుండి బి.ఎస్-4, 2020 ఏప్రిల్ నుండి బి.ఎస్-6 ప్రమాణములు అమలైనవి. ప్రతి మెట్టులోను పొగ తగ్గినది, సెన్సార్లు పెరిగినవి.

కొత్తది మేలనుట మైదానములో సరియైన లెక్కే. ఘాట్‌పై ఆ లెక్క అన్నివేళలా నిలువదు. బి.ఎస్-6 డీజిల్ వాహనములలో పొగలోని మసిని పట్టి ఉంచు జల్లెడ (డి.పి.ఎఫ్.) ఉంటుంది. పట్టిన మసి కాలిపోవుటకు బండి కొంతసేపు ఆగకుండా ఒక మోస్తరు వేగముతో నడవవలెను. సంతకు, ఊరికి మధ్య ఐదారు కిలోమీటర్లు రెండవ గేరులో తిరుగు జీపునకు ఆ అవకాశము తక్కువ. హెచ్చరిక దీపము వెలిగిన తరువాత కూడ అలాగే నడిపినచో ఇంజను శక్తి తగ్గిపోతుంది, చివరకు స్కానర్ ఉన్న వర్క్‌షాపునకు తీసుకొని పోక తప్పదు. ఇటువంటి వాహనము కొన్నవారు అప్పుడప్పుడు దానిని పాడేరు, అరకుల మధ్య జాతీయ రహదారిపై అరగంట సేపు ఏకబిగిన నడుపుట మంచిది.

బ్రేకులు

మైదానములో లక్ష కిలోమీటర్లు తిరిగిన జీపు బ్రేకులు బాగుగానే ఉండవచ్చు. అదే జీపు ఏడాది పాటు ఘాట్ ఎక్కి దిగినచో పరిస్థితి వేరు. మనుషులతో, సరుకుతో కలిపి 2,500 కిలోల బరువున్న జీపు 800 మీటర్ల ఎత్తు నుండి దిగినప్పుడు విడుదలగు శక్తి సుమారు 55 నుండి 60 లీటర్ల చల్లని నీటిని మరిగే స్థితికి తెచ్చుటకు సరిపోతుంది. ఈ శక్తిలో కొంత భాగమును ఇంజను, టైర్లు, గాలి తీసుకొంటాయి. మిగిలినదంతయు నాలుగు చక్రముల వద్ద ఉన్న కొద్దిపాటి ఇనుములోనికి వేడిగా పోతుంది.

ఈ వేడి వలన రెండు రకముల ప్రమాదములు కలవు. మొదటిది, ముందు ప్యాడ్‌లు, వెనుక డ్రమ్ములలోని షూలు మితిమీరి వేడెక్కి పట్టు కోల్పోవుట. పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రము ఆగదు. మాడిన వాసన దీనికి ముందుగా వచ్చు గుర్తు. రెండవది ఇంకను ప్రమాదకరమైనది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకొను ద్రవము. డాట్-3 రకము ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరుగు స్థానము కనీసము 205 డిగ్రీల సెల్సియస్, తేమ పట్టిన తరువాత 140 డిగ్రీలు. డాట్-4 రకమునకు ఇవి 230, 155 డిగ్రీలు. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు ఏర్పడినచో పెడల్ నేల వరకు దిగిపోతుంది. కిందికి వచ్చి బండి చల్లారిన తరువాత అదే పెడల్ మామూలుగా పనిచేస్తుంది. అందువలన షెడ్డులో చూసినప్పుడు ఏ లోపమూ కనబడదు.

వానలు, పొగమంచు అధికముగా ఉండు ఈ కొండలలో రెండేండ్లకు ఒకమారు బ్రేక్ ఆయిల్ పూర్తిగా మార్చవలెను. పాత వాహనము కొన్నవారు మొదటి ఘాట్ ప్రయాణమునకు ముందే ఈ పని చేయించుట అవసరము. ఆయిల్, మజూరీ కలిపి వెయ్యి, రెండు వేల రూపాయలలో అయిపోవు పని ఇది. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లలోని రబ్బరు వాషర్లను కూడ అప్పుడే చూడవలెను. చక్రము లోపలి వైపున తడి కనిపించినచో వీల్ సిలిండర్ కారుచున్నదని అర్థము.

దిగునప్పుడు బండిని న్యూట్రల్‌లో వదలిన డీజిల్ మిగులుతుందన్న నమ్మకము కొందరు డ్రైవర్లలో ఉన్నది. నిజమునకు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలినప్పుడు కామన్ రైల్ ఇంజనులో డీజిల్ సరఫరా దాదాపు నిలిచిపోతుంది, న్యూట్రల్‌లో ఇంజను తిరుగుటకు మాత్రము డీజిల్ కావలెను. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగవలెనన్న పాత సూత్రము బ్రేకులకు రక్ష.

క్లచ్, ఇంజను వేడి

ఎత్తుపై ఆగి మరల కదిలించునప్పుడు హ్యాండ్ బ్రేక్ వాడక, సగము క్లచ్‌పై బండిని నిలిపి ఉంచు అలవాటు వలన క్లచ్ ప్లేటు త్వరగా అరుగుతుంది. ఇంజను శబ్దము పెరిగి వేగము పెరగకపోవుట దీని గుర్తు. ప్లేటు ఒక్కటే మార్చి ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు పాతవే ఉంచినచో కొద్ది నెలలకే గేరుబాక్సు మరల దింపవలసి రావచ్చును. ఈ పనిలో మజూరీయే పెద్ద ఖర్చు గనుక మూడింటిని ఒకేసారి మార్చుట లాభము.

ఇంజను వేడెక్కుటకు కారణము తరచుగా చిన్నదే అయి ఉంటుంది: పగిలిన హోస్ పైపు, పట్టు తప్పిన ఫ్యాను, మూసుకొని పోయిన థెర్మోస్టాట్, బురద పట్టిన రేడియేటరు, వదులైన రేడియేటర్ మూత. 900 మీటర్ల ఎత్తున నీరు సుమారు 97 డిగ్రీలకే మరుగుతుంది. రేడియేటర్ మూత లోపలి పీడనమును నిలిపి ఆ స్థానమును పైకి జరుపుతుంది. మూత పాడైనచో ఆ రక్షణ ఉండదు. కూలెంట్ బదులు వాగు నీరు పోయు అలవాటు వలన లోపల తుప్పు, సున్నపు పొర పేరుకొంటాయి. ముల్లు ఎర్ర గీతను చేరిన తరువాత "ఇంకొక్క మలుపు" అని నడిపినందువలన కొన్ని వందల రూపాయల పైపు పని హెడ్ గ్యాస్కెట్ పనిగా మారుతుంది. హెడ్ వంగినచో దానిని లేత్‌పై చదును చేయించవలెను.

టర్బో ఉన్న ఇంజనును ఘాట్ ఎక్కిన వెంటనే ఆపివేయరాదు. ఒక నిమిషము ఖాళీగా తిరగనిచ్చినచో టర్బో బేరింగులకు ఆయిల్ అంది చల్లబడతాయి. నీలి పొగ, ఆయిల్ తగ్గిపోవుట, ఈల వంటి శబ్దము ఈ భాగము అరిగినదనుటకు సూచనలు.

కమాన్లు, కింది భాగములు

బొలెరో వెనుక కమాన్ కట్టలు ఉంటాయి. అధిక బరువుతో గోతులలో నడిచినప్పుడు కట్టలోని ఒక పట్టీ విరుగుట సాధారణము. విరిగిన పట్టీని మాత్రమే మార్చి కట్టను మరల బిగించవచ్చును. తారు రోడ్డు వదిలి గూడెముల దారి పట్టు వారికి ఇది గొప్ప సౌకర్యము. స్కార్పియో వెనుక కాయిల్ స్ప్రింగులు ఉండుట వలన కూర్చున్నవారికి సుఖము, విరిగినచో ఆ ముక్కతో చేయగలది లేదు. తొలి తరము స్కార్పియోల ముందు భాగములో ఉన్న టోర్షన్ బార్లు కాలక్రమమున కుంగి బండి ముందుకు వాలినట్లు కనబడుతుంది. వీటిని కొంతవరకు బిగించి ఎత్తు సరిచేయవచ్చును.

బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, బుష్షులు ఈ దారులలో త్వరగా అరుగుతాయి. వాగులు దాటిన తరువాత చక్రముల బేరింగులలో, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ జాయింట్లలో గ్రీజు పోతుంది. గ్రీజు పట్టించు ఖర్చు స్వల్పము. బాల్ జాయింటు ఊడినచో ముందు చక్రము పక్కకు పడిపోవును.

డీజిల్ సరఫరా

యాంత్రిక పంపు కొంత మురికిని సహిస్తుంది, కామన్ రైల్ సహింపదు. ఇందులో డీజిల్ వెయ్యి బార్‌లకు పైబడిన పీడనముతో ఇంజెక్టరు గుండా పోతుంది. డబ్బాలలో, డ్రమ్ములలో నిలువ ఉంచిన డీజిల్‌లో చేరిన నీరు ఇంజెక్టర్లను, పంపును తుప్పు పట్టిస్తుంది. డీజిల్ ఫిల్టరు కింద ఉన్న మర తిప్పి నీటిని వదిలివేయుటకు రెండు నిమిషములు చాలును. చలికాలములో, ముఖ్యముగా డిసెంబరు, జనవరి తెల్లవారుజాములలో, ఇంజను అందుకొనకపోవుటకు నీరసించిన బ్యాటరీ గాని, పాడైన హీటర్ ప్లగ్గులు గాని కారణము కావచ్చును. అమ్మువారు ముందే వేడిచేసి ఉంచిన ఇంజనులో ఈ లోపము బయటపడదు. అందువలన పాత వాహనమును ఉదయము చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించి చూడవలెను.

ఖర్చులు

ఈ దిగువ అంకెలు 2025 నాటి స్థూలమైన స్థాయిని మాత్రమే తెలుపుతాయి. కంపెనీ భాగమా, బయటి భాగమా అన్నదానిని బట్టి ఇవి చాలా మారుతాయి. ముందు ప్యాడ్‌లు, వెనుక షూలు, ఆయిల్ కలిపి 4,000 నుండి 8,000 రూపాయలు. క్లచ్ సెట్టు మజూరీతో బొలెరోకు 10,000 రూపాయల ప్రాంతము, స్కార్పియోకు అంతకంటే ఎక్కువ. హెడ్ గ్యాస్కెట్ పని 15,000 నుండి 30,000. టర్బో మార్చుటకు 15,000 నుండి 40,000. కొత్త ఇంజెక్టరు ఒక్కొక్కటి 10,000కు తక్కువ కాదు, స్కార్పియోలో ఇటువంటివి నాలుగు ఉంటాయి. ఇంజను పూర్తిగా విప్పి బోరు చేయించినచో అరవై వేల నుండి లక్షన్నర వరకు పోవచ్చును. కమాన్ పట్టీ ఒకటి వెయ్యి, రెండు వేలలో ముగుస్తుంది. 28 శాతము పన్ను ఉన్న అనేక విడిభాగములపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి 18 శాతమునకు తగ్గినది.

ఈ పట్టికలో కనబడని ఖర్చు దూరము. కామన్ రైల్, సెన్సార్ల పనులకు బండిని విశాఖపట్నము తీసుకొని పోవలసి రావచ్చును. నడవని బండిని లారీపై ఘాట్ దింపించుటకు పోను రాను కిలోమీటర్ల లెక్కన చెల్లించవలెను. భాగము వచ్చు వరకు కిరాయి ఉండదు, వాయిదా మాత్రము ఆగదు. ఏభై వేలు తక్కువకు వచ్చినదని కొన్న స్కార్పియో ఒక్క ఇంజెక్టరు పనితో ఆ తేడాను తిరిగి తీసుకొనుట ఇందువలననే. ఏజెన్సీలో పాత బొలెరోల ధర త్వరగా పడిపోకపోవుటకు కూడ ఇది ఒక కారణమని చెప్పవచ్చును.

కొనునప్పుడు గమనింపవలసినవి

కిలోమీటర్ల మీటరును వెనుకకు తిప్పుట సులభము గనుక దానిపై ఆధారపడరాదు. పెడళ్ళ రబ్బరు, స్టీరింగు, డ్రైవరు సీటు అంచు అరుగుదల నిజమును చెబుతాయి. వరద నీట మునిగిన వాహనములు కొంతకాలమునకు తక్కువ ధరకు బేరమునకు రావచ్చును. 2024 సెప్టెంబరు మొదటి రోజులలో బుడమేరు వరద వలన విజయవాడలో పెద్ద సంఖ్యలో వాహనములు మునిగినవి. సీటు కింది బోల్టుల తుప్పు, కార్పెట్ కింద ఎండిన ఒండ్రు, హెడ్ లైటు లోపలి తేమ పొర ఇందుకు గుర్తులు. ఛాసిస్‌పై కొత్త వెల్డింగు, కొత్త నల్ల రంగు కనిపించినచో కారణము అడుగవలెను.

సరిహద్దు దగ్గరగా ఉండుటచే ఒడిషా రిజిస్ట్రేషను వాహనములు కూడ ఇక్కడ అమ్మకమునకు వస్తాయి. వీటికి అక్కడి రవాణా కార్యాలయము ఇచ్చు నిరభ్యంతర పత్రము (ఫారం 28) అవసరము. యాజమాన్య మార్పిడికి ఫారం 29, 30, ఫైనాన్సు తొలగింపునకు ఫారం 35 వాడతారు. సొంత వాహనము రిజిస్ట్రేషను మొదట 15 సంవత్సరములు చెల్లుతుంది. ఆ గడువు దాటిన కార్ల పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ నుండి 5,000 రూపాయలు అయినది, 20 సంవత్సరములు దాటినవాటికి 2025 ఆగస్టులో దీనిని 10,000 చేసినారు. 2005 నాటి బొలెరో ధరలో ఇది చిన్న మొత్తము కాదు.

తెల్ల ప్లేటు జీపులో కిరాయికి మనుషులను ఎక్కించుకొనుట పర్మిట్ నిబంధనలకు విరుద్ధము. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్న సొంత వాహనములో కూర్చున్నవారికి ఆ పాలసీ వర్తించదు. కిరాయి ప్రయాణమని తేలినచో పూర్తి పాలసీ ఉన్నను బీమా సంస్థ చెల్లింపునకు అభ్యంతరము చెప్పవచ్చును. పసుపు ప్లేటునకు మార్చిన వాహనమునకు మొదటి ఎనిమిది సంవత్సరములు రెండేండ్లకు ఒకసారి, ఆపైన ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. ఈ పరీక్షలో బ్రేకులను కూడ చూస్తారు.