దుబాయి పోయినోళ్లు చూసిన లోకం

కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల పల్లెల్లో ప్రపంచయాత్రకు ఉన్న పేరు 'దుబాయి పోవుడు'. మనిషి పని చేస్తున్నది సౌదీలో కావచ్చు, కువైట్‌లోనో ఖతర్‌లోనో కావచ్చు, ఒమన్, బహ్రెయిన్‌లలో కావచ్చు. ఊరి లెక్కలో అంతా దుబాయే. ఇక్కడి పల్లెల నుంచి సముద్రం దాటినవారిలో ఎక్కువమంది దేశాలు చూడటానికి వెళ్లినవారు కారు, కూలికి వెళ్లినవారు. చూడటానికి వెళ్లినవారు పది, పదిహేను రోజుల్లో తిరిగొస్తారు. కూలికి వెళ్లినవారు రెండేళ్లకోసారి ఛుట్టీ మీద వచ్చిపోతూ పదేళ్లో ఇరవయ్యేళ్లో పరాయిగడ్డ మీద బతుకుతారు. అక్కడి ఎండ, అక్కడి చట్టం, అక్కడి రొట్టె వారికి తెలిసినంతగా ఏ విహారయాత్రికుడికీ తెలియవు. తెలుగువారి యాత్రానుభవం గురించి మాట్లాడేటప్పుడు ఈ అనుభవాన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు.

తెలుగులో యాత్రాగ్రంథాలకు ఆద్యుడుగా చెప్పుకునే ఏనుగుల వీరాస్వామయ్య సాగిపోయింది కూడా ఈ దిక్కుగానే. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఆయన 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. హైదరాబాదు నుంచి నిర్మల్ మీదుగా నాగపూర్ వైపు నడిచిన ఆ దారి జాడల్లోనే ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి కామారెడ్డిని తాకుతూ పోతుంది. వీరాస్వామయ్య ఏ మజిలీలో నీళ్లు బాగున్నాయో, ఎక్కడ ఏ సరుకు దొరుకుతుందో, ఎక్కడ సుంకం వసూలు చేస్తారో రోజువారీగా రాసుకున్నాడు. ఆ రాత 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. దుబాయి పోయినవారికీ తెలిసింది ఇటువంటి సంగతులే: ఏ క్యాంపులో నీళ్లు వస్తాయి, ఏ కంపెనీ జీతం నెలనెలా వేస్తుంది, ఏ సరిహద్దు దగ్గర ఏ కాగితం అడుగుతారు. తేడా ఒక్కటే, ఇవి ఎక్కువగా నోటిమాటగానే మిగిలాయి.

ఊరు విడవడానికి కారణం భూమిలోనే ఉంది. మంజీర నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఎల్లారెడ్డికి దగ్గరలోనే ఉంది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజినీరుగా కట్టించిన ఆ ప్రాజెక్టు కాలువ మాత్రం బాన్సువాడ, బోధన్ వైపు పారుతుంది. ఆ నీళ్ల కోసం కోస్తా నుంచి రైతులు కదిలివచ్చి, కాలువ వెంట 'క్యాంపులు' అనే పేరుతో ఊళ్లే కట్టుకున్నారు. అంతకుముందు 1922లో పూర్తయిన పోచారం ప్రాజెక్టు నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల్లో కొంత భూమిని తడుపుతుంది. ఇవి పోగా మాచారెడ్డి, గాంధారి, లింగంపేట, తాడ్వాయి, సదాశివనగర్ వంటి మెట్ట మండలాలకు చెరువులు, బోర్లే దిక్కు. వాన తప్పితే చెరువు ఎండుతుంది, చెరువు ఎండితే బోరు ఎత్తిపోతుంది, ఇంకా లోతుకు వేయిద్దామని తెచ్చిన అప్పు వడ్డీతో పెరుగుతుంది. ఒకే జిల్లాలో ఒక పక్క నీళ్లు చూసి మనుషులు వచ్చారు, ఇంకో పక్క నీళ్లు లేక వెళ్లిపోయారు.

ప్రయాణం ఇక్కడివారికి కొత్తదేమీ కాదు. గాంధారి, ఎల్లారెడ్డి వైపు తండాల్లో ఉంటున్న లంబాడీల పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దక్కన్ అంతా తిరిగినవారు. రైలు వచ్చాక బొంబాయి దగ్గరైంది. 1900 ప్రాంతంలో గోదావరి లోయ రైలుమార్గం సికింద్రాబాద్‌ను కామారెడ్డి, నిజామాబాద్‌ల మీదుగా మన్మాడ్‌తో కలిపింది. రైలు లేని ఎల్లారెడ్డివారు కామారెడ్డికి వచ్చి బండి ఎక్కేవారు. బొంబాయి నగరాన్ని కట్టినవారిలో తెలంగాణ కూలీలు ముందువరసలో ఉన్నారు. కామాటిపుర అనే పేట పేరే ఆ కామాటీల నుంచి వచ్చింది. తెలంగాణ బతుకును మూడు మాటల్లో చెప్పే 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అన్న నానుడిలో బొంబాయికి చోటు దక్కడానికి ఈ చరిత్రే కారణం.

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాయి. గల్ఫ్ దేశాల చేతికి డబ్బు వచ్చింది, రోడ్లు, రేవులు, భవనాలు కట్టడానికి చేతులు కావలసి వచ్చాయి. బొంబాయిలో ఉన్నవారికి ఆ కబురు ముందుగా అందింది. ఏజెంట్ల ఆఫీసులు, విమానాలు అక్కడే ఉండేవి కాబట్టి, చాలాకాలం దుబాయి దారి బొంబాయి మీదుగానే సాగింది. వీసా చేతికి వచ్చేదాకా వారాల తరబడి ఇరుకు గదుల్లో పడిగాపులు కాయడం అప్పటి ప్రతి ప్రయాణంలోనూ భాగమే. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకున్నాక కామారెడ్డి నుంచి జీపులో బయలుదేరినవారు మరుసటి రోజుకు ఎడారిలో ఉంటున్నారు.

దుబాయి పోయేవాడు మొదట నేర్చేది కాగితం విలువ. 1983 నాటి వలసల చట్టం ప్రకారం పదో తరగతి పాస్ కానివారు గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగిన రుసుము 30 వేల రూపాయలు, దానిపై పన్ను. పల్లెల్లో లైసెన్సు లేని సబ్ ఏజెంట్లు అడిగేది దానికి ఎన్నో రెట్లు. ఈ అనుమతి అవసరం లేకుండా విజిట్ వీసా మీద పంపించి, అక్కడ పని వీసాగా మారుస్తామని చెప్పడం వారి పాత పద్ధతి. 'ఆజాద్ వీసా' అనేది ఇంకొక ఉచ్చు. పేరులో స్వేచ్ఛ ఉన్నా చట్టంలో అలాంటి వీసా లేదు. కాగితం మీద ఒక ఖఫీల్, పని మరొకచోట. తనిఖీలో దొరికితే నేరం కూలిదే.

ఖఫీల్ అంటే కూలికి పూచీ ఉండే యజమాని. అతని చేతిలోనే వీసా, అఖామా అనే నివాస అనుమతి ఉంటాయి. చాలాచోట్ల పాస్‌పోర్టు కూడా అతని దగ్గరే ఉండిపోతుంది. పాస్‌పోర్టు లాక్కోవడం అక్కడి చట్టాల ప్రకారమూ తప్పే అయినా ఆ సంగతి తెలియడానికి చాలామందికి ఏళ్లు పట్టింది. జీతం రాక, కొట్లాడలేక యజమానిని విడిచి పారిపోయిన వాణ్ని 'ఖల్లివెల్లి అయిండు' అంటారు. అరబ్బు వాడుక నుంచి తెలంగాణ కూలీల నోటికి వచ్చిన ఈ మాట ఇప్పుడు పల్లెల్లో పిల్లలకూ తెలుసు. ఖల్లివెల్లి అయినవాడు ఇంటికి రావాలంటే అవుట్‌పాస్ అనే తాత్కాలిక ప్రయాణపత్రం కావాలి, లేదంటే ఆ దేశం క్షమాభిక్ష ప్రకటించేదాకా ఆగాలి. యూఏఈ 2007లో, 2018లో, మళ్లీ 2024లో అలాంటి గడువు ఇచ్చింది. ఖతర్ 2020లో, కొత్త ఉద్యోగానికి మారడానికి పాత యజమాని అనుమతి అవసరం లేకుండా చట్టం మార్చింది. ఇటువంటి మార్పులు కూలీలకు ఎక్కువగా తెలిసేది పక్క మంచం మనిషి నోటి నుంచే.

తర్వాతి పాఠం పనిది. వ్యవసాయం తప్ప తెలియని మనిషి అక్కడ షటరింగ్, స్టీల్ ఫిక్సింగ్, స్కాఫోల్డింగ్, టైల్స్, క్రేన్ సిగ్నల్ పని నేర్చుకుంటాడు. నేల నుంచి ఎన్ని అడుగుల ఎత్తున ఏ తాడు కట్టాలో, ఏ టోపీ లేకుండా సైట్లోకి అడుగు పెట్టకూడదో ఒంటబట్టించుకుంటాడు. ఇంకొందరి రాత ఇలా ఉండదు. డ్రైవర్ పని అని తీసుకుపోయి సౌదీ ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాయించిన కథలు తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. కేరళ రచయిత బెన్యామిన్ 2008లో వెలువరించిన 'ఆడుజీవితం' నవల చెప్పింది అలాంటి మనిషి గురించే.

ఎండ సంగతి వేరే చెప్పాలి. మే నెల కామారెడ్డి ఎండలో చేను దున్నినవాడికి కూడా జులై, ఆగస్టు నెలల్లో గల్ఫ్ తీరపు ఉక్కపోత కొత్తే. 45 డిగ్రీలు దాటిన వేడికి సముద్రపు తేమ తోడైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని నిషేధం. మిగతా గల్ఫ్ దేశాల్లోనూ ఇటువంటి నియమం వేరువేరు వేళలతో ఉంది. పని ఆగుతుందన్న భయంతో నీళ్లు తక్కువ తాగడం, దాహమేస్తే కూల్‌డ్రింకులతో సరిపెట్టుకోవడం మూత్రపిండాలకు చేటు. ఈ ఒక్క సంగతి వెళ్లే ముందే ప్రతి మనిషికీ ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి. విమానం టికెట్ కన్నా ముఖ్యమైన సంగతి ఇది.

లేబర్ క్యాంపు గది ఒక చిన్న లోకం. దుబాయి సోనాపూర్‌లోనో, అబుదాబి ముసఫ్ఫాలోనో, దోహా ఇండస్ట్రియల్ ఏరియాలోనో మంచం మీద మంచం వేసిన గదిలో కామారెడ్డి మనిషి పక్కన నేపాలీ, బంగ్లాదేశీ, పాకిస్తానీ, బిహారీ ఉంటారు. వీరందరినీ కలిపేది హిందీ, ఉర్దూ కలిసిన ఒక వాడుక భాష. నిజాం కాలం నుంచి ఉర్దూ చెవిన పడుతూ వచ్చిన తెలంగాణవారికి ఇది తేలికగా అబ్బింది. దాని మీద అరబ్బీ ముక్కలు చేరతాయి: యల్లా అంటే పద, ముదీర్ అంటే మేనేజరు, ఖుబూస్ అంటే రొట్టె. అన్నం లేనిదే ముద్ద దిగని మనిషి ఖుబూస్‌కు అలవాటు పడతాడు. ఇంట్లో ఏనాడూ పొయ్యి దగ్గరికి వెళ్లని మగవాళ్లు వంతులవారీగా వండుతారు, గిన్నెలు తోముతారు. రేడియోలోనో టీవీలోనో శత్రువుగా విన్న దేశం మనిషి జ్వరం వచ్చినప్పుడు మాత్ర తెచ్చి ఇస్తాడు. ఊళ్లో కులాన్ని బట్టి ఎడంగా కూర్చోబెట్టిన మనిషి, కూర్చోబెట్టినవాడు ఒకే పళ్లెం ముందు కూర్చుంటారు. ఛుట్టీకి ఊరికి వచ్చాక ఆ కలుపుగోలుతనం అంతే నిలవదన్నది కూడా నిజమే.

లోకంలో ఎక్కడో జరిగే యుద్ధం, జబ్బు కూడా ఈ పల్లెల గడప దాకా వస్తాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి చొచ్చుకొచ్చాక కొన్ని వారాల్లో సుమారు లక్షా 70 వేల మంది భారతీయులు ఖాళీ చేతులతో తిరిగొచ్చారు. వారిని ఎయిర్ ఇండియా విమానాలు ప్రధానంగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి మోసుకొచ్చాయి. 2020లో కరోనా వచ్చినప్పుడు పనులు ఆగి, గదుల్లో బందీలై, మే 7న మొదలైన వందే భారత్ విమానాల కోసం వేలమంది ఎదురుచూశారు.

వెళ్లని వారు కూడా ఈ యాత్రలో భాగమే. కామారెడ్డి ప్రాంతం బీడీలకు పేరుపడ్డది. మగవాడు దుబాయిలో ఉంటే ఇంటి దగ్గర భార్య ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ, బీడీలు చుడుతూ ఇల్లు నడుపుతుంది. మొదటి ఏడాది, రెండో ఏడాది జీతమంతా ఏజెంటుకు కట్టిన అప్పుకే పోతుంది కాబట్టి అన్నం పెట్టేది ఆ బీడీల పైసలే. బ్యాంకుకు పోవడం, ఎరువుల బస్తా తేవడం, బడిలో సంతకం పెట్టడం, పాలివారితో గెట్టు పంచాయితీ తేల్చుకోవడం అన్నీ ఆమె మీదే పడతాయి. తొలితరంలో ఉత్తరాలు రాయలేనివారు క్యాసెట్లలో మాటలు రికార్డు చేసి, ఊరికి వచ్చే మనిషి చేతికిచ్చి పంపేవారు. ఇల్లంతా టేప్‌రికార్డర్ చుట్టూ కూర్చుని వినేది. ఇప్పుడు ఫోన్‌లో రోజూ ముఖం కనిపిస్తుంది. పిల్లవాడికి నాన్న అంటే ఫోన్‌లోని మనిషే అయిన ఇళ్లు ఉన్నాయి, అది చిన్న బాధ కాదు.

కొందరు పెట్టెలో తిరిగొస్తారు. అక్కడి మరణ ధ్రువపత్రం, పోలీసు కాగితాలు, రాయబార కార్యాలయంలో పాస్‌పోర్టు రద్దు, శవాన్ని పాడుకాకుండా ఉంచే ప్రక్రియ అన్నీ పూర్తయ్యేసరికి రోజులు, ఒక్కోసారి నెలలు గడుస్తాయి. ఖర్చు భరించలేని సందర్భాల్లో వాడుకోవడానికి భారత రాయబార కార్యాలయాల దగ్గర 2009 నుంచి సంక్షేమ నిధి ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటించి, హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి ప్రారంభించింది. విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా ఉంది. కేరళలో 1998 నుంచి వలసల మీద వరుసగా ఇంటింటి సర్వేలు జరుగుతూ వచ్చాయి. ఎవరు వెళ్లారు, ఎవరు తిరిగొచ్చారు, ఏం నేర్చుకుని వచ్చారు అన్నది అలా లెక్కగట్టడం కామారెడ్డి జిల్లాకూ అవసరం. 2016 అక్టోబరు 11న ఏర్పడిన ఈ జిల్లా వయసు చిన్నది, వలస వయసు అర్ధశతాబ్దం.

తిరిగొచ్చినవారిలో కొందరు హైదరాబాద్ భవనాల మీద షటరింగ్ మేస్త్రీలయ్యారు, కొందరు జేసీబీ, ట్రాక్టర్ నడుపుతున్నారు, కొందరు మళ్లీ బోరు వేయించి అదే భూమి దగ్గర కూర్చున్నారు. ఏజెంటు ఇచ్చిన కాగితం పట్టుకుని వచ్చే ఊరి కుర్రాడికి అందులో జీతం ఎంత రాశారో, వీసా ఏ రకమో చదివి చెప్పేది వీరే. చాలా ఇళ్లలో బీరువా అడుగున ప్లాస్టిక్ కవరులో రబ్బరు బ్యాండు వేసిన పాత పాస్‌పోర్టులు, గడువు తీరిన అఖామా కార్డులు ఉంటాయి. పోయిన తేదీ, వచ్చిన తేదీ, మళ్లీ పోయిన తేదీ ఆ ముద్రల్లో వరుసగా కనిపిస్తాయి. పుటలు నిండిన పాస్‌పోర్టుకు కొత్తది కలిపి దారంతో కుట్టిన కట్టలూ ఉన్నాయి.