ఆకాశమునుండి బండ్ల లెక్క

ఒక రోడ్డును వెడల్పు చేయవలెనా, దానిపై వంతెన కట్టవలెనా అను ప్రశ్న వచ్చినప్పుడు ఇంజనీరు మొదట అడుగునది ఒక్కటే: ఆ దారిన రోజుకు ఎన్ని బండ్లు నడచుచున్నవి? ఈ లెక్క తీయుటకు మన దేశమున చిరకాలముగా వాడుకలో నున్న పద్ధతి మిక్కిలి సాదాది. రోడ్డు ప్రక్కన చెట్టు నీడనో, చిన్న గుడారములోనో మనుష్యులు కూర్చుండి, బండికొక గీత చొప్పున కాగితముపై గీచుకొందురు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు 1972లో ప్రకటించిన నియమముల ప్రకారము పల్లెప్రాంతపు రహదారులపై ఈ గణన ఏడాదికి రెండు తడవలు, ఒక్కొక్క తడవ ఏడు దినములు రాత్రింబవళ్లు జరుగవలెను. మొదటిది పంటలు కోసి సంతకు తోలు కాలమున. రెండవది రద్దీ తగ్గిన కాలమున.

బండ్లన్నియు ఒక్కటి కావు గనుక వాటిని కార్ల లెక్కలోనికి మార్చుదురు. ఆ సంస్థయే 1990లో ఇచ్చిన పట్టికలో లారీ గాని బస్సు గాని 3 కార్లకు సమానము. సైకిలు అర కారుకు సమానము. ఎద్దుబండి 8 కార్లకు సమానము! ఇది ఎద్దుల బలమును గూర్చిన మాట కాదు. బండి ఆక్రమించు చోటు ఎంత, వెనుక వచ్చువారిని అది ఎంతసేపు నిలుపును అనునదే ఇందలి కొలత.

ఈ లెక్క రోడ్లు వేయువారికే కాదు, ప్రాణములు కాపాడువారికిని అవసరము. 2022లో మన దేశపు రోడ్లపై ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. ఏ దారిలో ఎందరు పోయిరో పోలీసు ఠాణాలలో నమోదగును. కాని ఒక దారిలో పదిమంది, ఇంకొక దారిలో ముగ్గురు మరణించినంత మాత్రమున మొదటిదే అపాయకరమని చెప్పుటకు వీలులేదు. మొదటిదానిపై ఇరువది రెట్లు బండ్లు నడచుచుండవచ్చును. భిన్నములో పై అంకె తెలిసి క్రింది అంకె తెలియనిచో ఫలమేమి? గుడారము వేసిన చోట తప్ప ఆ క్రింది అంకె ఎవరికిని తెలియదు. దేశములోని ప్రతి రోడ్డు ప్రక్కను గుడారము వేయుట అసాధ్యము.

అందుచేతనే పైనుండి చూడవలెనను ఆలోచన కలిగినది. ఇది కొత్తది కాదు. 1920-30 మధ్యనే అమెరికాలో బాల్టిమోర్, వాషింగ్టన్ నగరముల నడిమి రహదారిని విమానమునుండి ఫొటోలు తీసి అందలి కార్లను లెక్కించిరి. అయితే ఇందులో ఒక చిక్కు కలదు. గుడారములోని మనిషి ఒక్క చోటనుండి దినమంతయు చూచును. ఫొటో రోడ్డంతయు ఒక్క క్షణమున చూచును. ఫొటోలో 10 కిలోమీటర్ల దారిపై 120 బండ్లు కనబడినవనుకొందము. అనగా కిలోమీటరుకు 12. ఇది సాంద్రత. గంటకు ఎన్ని బండ్లు సాగుచున్నవి అనునది ప్రవాహము. సాంద్రతను వేగముచే గుణించిన గాని అది రాదు. బండ్లు గంటకు 60 కిలోమీటర్ల చొప్పున పోవుచున్నచో ప్రవాహము 720. అవే బండ్లు 10 కిలోమీటర్ల చొప్పున పాకుచున్నచో 120 మాత్రమే. నిశ్చలమైన బొమ్మలో వేగమెక్కడ కనబడును? 1930 తరువాత ఒహాయో రాష్ట్రమున బ్రూస్ గ్రీన్‌షీల్డ్స్ అను ఇంజనీరు సినిమా కెమెరాతో వరుసగా బొమ్మలు తీసి, బొమ్మకు బొమ్మకు నడుమ బండి జరిగిన దూరమును కొలిచి ఈ చిక్కును విప్పెను. ఆయన రోడ్డు ప్రక్కనే నిలిచెను గనుక అది సాధ్యమైనది. వందల కిలోమీటర్ల ఎత్తున పరుగెత్తు ఉపగ్రహము ఒకే రోడ్డుపై చూపు నిలిపి యుంచుట సులభము కాదు.

విచిత్రమేమనగా, ఉపగ్రహములకు ఈ వేగమును చూపినది వాటి పరికరములలోని ఒక లోపము.

ఐరోపా అంతరిక్ష సంస్థవారి సెంటినెల్-2 ఉపగ్రహములలో మొదటిది 2015 జూన్‌లోను, రెండవది 2017 మార్చిలోను ఎగిరినవి. ఇవి 786 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు 290 కిలోమీటర్ల వెడల్పు నేలను ఒక్కసారిగా చిత్రించును. వీటి చిత్రములు ఎవరికైనను ఉచితముగా లభించును. కాని ఆ చిత్రములలోని అతి చిన్న గడి నేలపై 10 మీటర్ల చదరము. కారు అందులో ఉప్పు నీటిలో కరిగినట్లు కరిగిపోవును. పెద్ద లారీ మాత్రము గడిలో కొంచెము మెరయును.

ఇక లోపము సంగతి. నీలము, ఆకుపచ్చ, ఎరుపు రంగులను గ్రహించు సాధనములు పరికరములో ఒకదాని వెనుక ఒకటిగా అమర్చబడినవి. ఉపగ్రహము ముందునకు సాగుచుండగా ఒకే నేల తునకను మొదట నీలపు సాధనము చూచును. సుమారు అర సెకనుకు ఆకుపచ్చది, ఒక సెకనుకు ఎరుపుది చూచును. కదలని వస్తువుల విషయమున మూడు బొమ్మలను ఒకదానిపై నొకటి సరిగా పేర్చిన చాలును, ఇల్లు ఇల్లుగానే కనబడును. పరుగెత్తుచున్న లారీ మాత్రము ఒక సెకనులో ముందునకు జరిగిపోవును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున అది 22 మీటర్లు, అనగా రెండు గడులకు పైగా. కనుక పేర్చిన చిత్రములో ఆ లారీ నీలము, ఆకుపచ్చ, ఎరుపు చుక్కలుగా విడిపోయి చిన్న ఇంద్రధనుస్సు తునకవలె కనబడును. నీలమునుండి ఎరుపు వైపునకు చూచినచో అది పోవు దిక్కు తెలియును. రెంటి నడుమ దూరమును కాలముచే భాగించినచో వేగము తెలియును. ఎగురుచున్న విమానము కూడ ఇట్లే రంగులు చిమ్ముచు కనబడును. ఈ చిత్రములు చూచుట అలవాటైన వారికి అది పాత ముచ్చటయే.

2020లో కోవిడ్ వ్యాధివలన ఐరోపాలో రాకపోకలు స్తంభించినప్పుడు ఈ లారీల లెక్కకు ప్రాముఖ్యము వచ్చినది. వ్యాపారము ఎంత మందగించినదో లారీలే చెప్పగలవు గదా! 2022లో ప్రచురితమైన పరిశోధనలో ఈ గణనను జర్మనీ రహదారులపై నాటిన యంత్రముల లెక్కతో సరిచూచిరి.

అయితే చిత్రమంతట రంగు చుక్కలను వెదకిన పక్షమున తప్పులు వచ్చును. రోడ్డు ప్రక్క నీలపు రేకుల షెడ్డు కూడ కంప్యూటరును మోసగింపగలదు. కాబట్టి రహదారుల పటమును చిత్రముపై పరచి, ఆ సన్నని పట్టీలో మాత్రమే వెదకుదురు. భౌగోళిక సమాచారమను పేరు వినుటకు పెద్దదే గాని, ఇచట దాని పని ఇదియే: ఇది రోడ్డు, ఇది కాదు అని చెప్పుట. పటము ఒక గడి ప్రక్కకు తప్పినను రోడ్డు పోయి పొలములో పడును.

రాడార్ ఉపగ్రహముల విషయమున పటము లేనిచో పని అసలే సాగదు. 2007 జూన్‌లో ఎగిరిన జర్మనీవారి టెర్రాసార్-ఎక్స్ రేడియో తరంగములను పంపి, తిరిగి వచ్చు ప్రతిధ్వనితో బొమ్మను కూర్చును. దానికి మబ్బు అడ్డు కాదు, రాత్రి అడ్డు కాదు. ప్రతిధ్వని తరంగములలో కలుగు మార్పును బట్టి వస్తువు ఉన్న చోటును నిర్ణయించుట దీని పద్ధతి. దూసుకొని వచ్చు రైలు కూత హెచ్చు స్థాయిలో వినబడినట్లే, ఉపగ్రహము వైపునకు కదలు బండివలన ఈ తరంగములు అదనముగా మారును, లెక్క చెడును. గంటకు 70 కిలోమీటర్ల వేగముతో పోవు కారు తన రోడ్డును విడిచి, కిలోమీటరుకు కొంచెము తక్కువ దూరమున, ఏ పొలములోనో పోవుచున్నట్లు చిత్రములో పడవచ్చును! కాని ఆ ప్రాంతమున రోడ్డు ఎక్కడ నున్నదో పటమునుబట్టి ముందే తెలియును. కారు తప్పిన దూరమే దాని వేగమునకు కొలత. ఉపగ్రహము పోవు దిక్కుననే పోవు బండి మాత్రము చోటు తప్పదు గనుక ఈ విధముగ దాని వేగము తెలియదు.

ఈ పద్ధతులను మించి పొగడుట తగదు. నిలిచిపోయిన లారీకి ఇంద్రధనుస్సు లేదు. అనగా సెంటినెల్ చూడలేనిది సరిగా జనులను బాధించు ట్రాఫిక్ జామునే! దానిని చూచుటకు సూక్ష్మదృష్టి గల ఉపగ్రహములు కావలెను. 2019 నవంబరు 27న శ్రీహరికోటనుండి ఎగిరిన కార్టోశాట్-3 దృష్టి సుమారు 28 సెంటీమీటర్లు. అందులో నాలుగు మీటర్ల కారు పొడవున పదునాలుగు గడులు పట్టును. ఆటో రిక్షా కూడ పోల్చదగును. అయితే అది ఒకసారి చూచు పట్టీ వెడల్పు దాదాపు 16 కిలోమీటర్లే. వివరము కావలసినచో విస్తారము వదలుకొనవలెను.

నగరములలో సెల్‌ఫోనులు ఈ పనిని ఏనాడో చేపట్టినవి. జేబులలోని ఫోనులు పంపు స్థానములనుబట్టి పటముపై వీధి ఎరుపు, పచ్చ రంగులు దాల్చును. 2020లో బెర్లిన్ కళాకారుడు సైమన్ వెకర్ట్ 99 ఫోనులను చిన్న తోపుడుబండిలో వేసికొని నడువగా, ఖాళీగా నున్న వీధి పటములో ఎర్రబారెను. బండివాని జేబులో ఫోనున్నచో ఎద్దుబండియు అట్లే నెమ్మదిగా సాగు కారుగా లెక్కకెక్కు అవకాశము కలదు. ఫోను ఎవరిదో తెలిసికొనుటకు వీలున్నది. పది మీటర్ల గడిలోని లారీ ఎవరిదో ఉపగ్రహమునకు తెలియదు. ఈ భేదము చిన్నది కాదు.

చివరకు మిగులునది కాలము చిక్కు. సెంటినెల్ ఏ ప్రాంతమునకైనను ఉదయము 10 గంటల 30 నిమిషముల ప్రాంతముననే వచ్చును, అదియు రెండు ఉపగ్రహములు కలిసి అయిదు దినములకు ఒకసారి. వానకాలమున మబ్బులే కనబడును. రాత్రి నడచు లారీలు దాని కంట పడవు. ఆ ఒక్క క్షణపు లెక్కను దినపు లెక్కగా మార్చుటకు, దినపు రాకపోకలలో ఆ వేళ వాటా ఎంతయో తెలియవలెను. అది నేలపై కూర్చుండి లెక్కించువారే చెప్పవలెను. ఆ వాటాయైనను అన్ని దినములకు ఒక్కటి కాదు. సంక్రాంతికి ముందు హైదరాబాదునుండి విజయవాడ పోవు రహదారిపై పంతంగి టోల్ గేటు వద్ద బారులు తీరునవి ఎక్కువగా కార్లు. అవి పది మీటర్ల గడిలో కనబడవు, పైగా తెల్లవారకముందే బయలుదేరునవి అనేకము. సామాన్య దినముల వాటా ఆ దినములకు పనికిరాదు. పండుగ లెక్క పండుగనాడు గేటువద్దనే తీయవలెను.