నలభై గొంతులు, ఒకే మాట

ఇటీవల సూరత్‌లోని కతర్‌గామ్‌లో బంధువుల ఇంట కొన్నాళ్లున్నాను. వజ్రాలకు సానపెట్టే కార్ఖానాల పేట అది. మరమగ్గాల పనికి వలస వచ్చిన ఓ తెలుగు కుటుంబంలోని కుర్రాడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "అగ్నివీర్‌గా వెళ్లొద్దని మా వాట్సాప్ గ్రూపులో నలభై మంది చెప్పారు తాతయ్యా" అన్నాడు. వాళ్లెవరని అడిగాను. ఎంపికలో తప్పినవారట! ఎంపికైనవారి గ్రూపులో అడిగితే అందరూ వెళ్లమనేవారు.

సైన్యంలో సమాచారాన్నీ, అది ఇచ్చినవారినీ వేర్వేరుగా తూస్తాం. అయినా సైన్యాలూ బోల్తాపడ్డాయి. దూరప్రాంత బాంబర్లు సమకూరేదాకా ఈజిప్టు యుద్ధానికి రాదని 1973లో ఇజ్రాయెల్ సైనిక నిఘా విభాగం గట్టిగా నమ్మింది. సూయజ్ కాలువ దగ్గర జరుగుతున్నవి విన్యాసాలు కావు, దాడికి సన్నాహాలు కావచ్చని ఓ యువ లెఫ్టినెంట్ అక్టోబరు 1న రాసిన నివేదికను పైవారు పక్కనపెట్టారు. 6న దాడి జరిగింది. ఆ తర్వాత, అందరూ ఒప్పుకున్న అంచనాను ప్రశ్నించడమే పనిగా అక్కడ ఓ బృందాన్ని ఏర్పాటు చేశారు.

"మీ గ్రూపులో వేరేమాట చెప్పినవాళ్లే లేరా?" అని కుర్రాణ్ని అడిగాను. "ఒకడు వెళ్లమన్నాడు. తీసేశారు" అన్నాడు. ముందు అతనితో మాట్లాడమన్నాను. తర్వాత నిబంధనలు సొంతంగా చదవమన్నాను. సర్వీసు నాలుగేళ్లు. ఆపైన కొనసాగేది గరిష్ఠంగా 25 శాతం మందే. మిగతావారిలో తానుంటే ఏం చేస్తాడో ఆలోచించుకుని తేల్చుకోవాలి.

నేనూ జీవితమంతా యూనిఫాంలో గడిపినవాణ్నే. నా మాటనూ అలాగే తూచమని చెప్పి పంపాను.