అతుకు మీద అతుకు పడకూడదు

ఇటుక కొలత ఎవరు పెట్టారో ఎప్పుడైనా ఆలోచించారర్రా? మేస్త్రీ ఎడమ చెయ్యి పెట్టింది. కుడిచేతిలో తాపీ ఉంటుంది, అది కింద పెట్టడానికి వీల్లేదు. కాబట్టి ఇటుక ఒక్క చేతికి, బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య పట్టాలి. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఎత్తి పెట్టినా భుజం పడిపోకుండా మూడు కిలోలకు అటూ ఇటూగా ఉండాలి.

మన దేశపు ప్రమాణ ఇటుక పొడవు 190 మిల్లీమీటర్లు, వెడల్పు 90, మందం 90. హాయిగా 200, 100, 100 అని పెట్టుకోక ఈ తొంభైల గోలేమిటి అంటారు కదూ? ఆ తగ్గించిన 10 మిల్లీమీటర్లు సిమెంటు మాలుకు వదిలిన చోటు. రెండు ఇటుకలు పక్కపక్కన అడ్డంగా పెట్టి మధ్యలో మాలు వేశారనుకోండి. 90, 10, 90 కలిపితే 190. వాటి మీద పొడుగ్గా ఒక ఇటుక పెడితే అంచుకు అంచు సరిపోతుంది. ఇటుకకు ఉన్న రహస్యమంతా ఇదే: పొడవు అంటే రెండు వెడల్పులు, ఒక అతుకు. ఈ లెక్క కుదిరితేనే ఒకదాన్ని పొడుగ్గా, ఒకదాన్ని అడ్డంగా పెట్టి గోడను అల్లగలం. మాలుతో కలిపి లెక్కేస్తే ఘనపు మీటరు గోడకు సరిగ్గా 500 ఇటుకలు పడతాయి. మీరే గుణించి చూడండి.

ఈ లెక్క మనవాళ్లకు కొత్తగా తెలిసింది కాదు. నాలుగున్నర వేల ఏళ్ల కిందట హరప్పా, మొహంజొదారోల్లో కట్టిన ఇళ్ల ఇటుకలు సుమారు 28 సెంటీమీటర్ల పొడవు, 14 వెడల్పు, 7 మందం. నాలుగు, రెండు, ఒకటి. వందల మైళ్ల దూరంలో ఉన్న ఊళ్లలో కూడా అదే నిష్పత్తి పాటించారు. అంత బాగా కాల్చిన ఇటుకలు కాబట్టే 1850లలో లాహోరు, ముల్తాను మధ్య రైలు దారి వేసినప్పుడు హరప్పా దిబ్బలు తవ్వి ఆ ఇటుకల్ని పట్టాల కింద కంకరగా పోశారు. ఒక మహానగరం అలా పొడైపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు తరుక్కుపోతుంది.

మన కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు మహాచైత్యానికి వాడిన ఇటుకలు ఇంకా పెద్దవి. 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు. వాటిని రెండు చేతులా ఎత్తాల్సిందే. అయినా సగానికి సగం అనే లెక్క తప్పలేదు చూశారా! ఆ స్తూపం లోపల ఇటుక గోడల్ని బండిచక్రం ఆకుల వరసలో కట్టి, మధ్య గదుల్లో మట్టి నింపారు. ఇటుక మిగిలింది, మట్టి జారకుండా నిలిచింది.

ఇటుకల్లాగే ముక్కలు అతికి చేసేది ఇంకోటి ఉంది, బొంత. ఇక దాని సంగతి చూద్దాం. అమెరికాలో గుడ్డముక్కల బొంతలు కుట్టేవాళ్లు ఒక్కో చదరాన్ని, గోడకు పెట్టే దిమ్మను అన్నట్టే, బ్లాకు అని అంటారు. ఆరంగుళాల చదరం కావాలంటే గుడ్డను ఆరున్నర అంగుళాలకు కత్తిరిస్తారు. నాలుగువైపులా పావంగుళం చొప్పున కుట్టులోకి పోతుంది. మేస్త్రీ అతుకు కోసం ఇటుకను తగ్గిస్తే, బొంత కుట్టే ఆవిడ అతుకు కోసం గుడ్డను పెంచుతుంది. లెక్క ఒకటే, దిక్కు వేరు. అలబామా రాష్ట్రంలో నది మెలిక తిరిగిన చోట జీస్ బెండ్ అనే పల్లె ఉంది. బానిసలుగా బతికిన నల్లవాళ్ల వారసులు ఉండే ఊరు. అక్కడి ఆడవాళ్లు పొలం పనికి తొడిగి అరిగిపోయిన బట్టలతో కుట్టిన బొంతలు 2002లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియం గోడలకెక్కాయి. చలికి గోడ సందుల్లోంచి గాలి కొట్టే ఇళ్లలో పిల్లల్ని వెచ్చగా పడుకోబెట్టడానికి కుట్టినవి అవి. వాళ్ల నమూనాల్లో ఒకదాని పేరు ఇంటికప్పు, ఇంకోదాని పేరు ఇటుకల మేస్త్రీ. ఆ పేర్లు చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మరి బొంతలో చదరాలు నిలువుగా ఒకదాని కింద ఒకటి, నాలుగు మూలలూ ఒకే చోట కలిసేలా కుడతారు కదా, గోడలో మాత్రం అలా ఎందుకు పెట్టకూడదు? మేస్త్రీని అడిగితే, అతుకు మీద అతుకు పడకూడదు అంటాడు. ఎందుకో చూద్దాం.

పై వరసలో ఒక ఇటుక మీద 16 కిలోల బరువు పెట్టామనుకోండి. అది కింద రెండు ఇటుకల మీద సగం సగం కూర్చుంది. కాబట్టి చెరి 8 కిలోలు. ఆ రెండూ కిందున్న మూడింటి మీద కూర్చుంటాయి. అంచులకు నాలుగేసి, మధ్యదానికి ఇద్దరి వాటా కలిపి 8. ఇంకో వరస దిగితే 2, 6, 6, 2. ఇంకోటి దిగితే 1, 4, 6, 4, 1. ఈ అంకెలు ఎక్కడో చూశాం అనిపిస్తోందా? పింగళుడి ఛందశ్శాస్త్రానికి వ్యాఖ్య రాస్తూ 10వ శతాబ్దంలో హలాయుధుడు వివరించిన మేరుప్రస్తారం ఇదే. నాలుగక్షరాల పాదంలో ఎన్ని గురువులు ఎన్ని రకాలుగా పడతాయో లెక్కపెట్టడానికి పుట్టిన అంకెలు గోడలో బరువు దిగే దారిని కూడా చెబుతున్నాయి. నిజం గోడలో మాలు పట్టు, రాపిడి కలిసి ఈ అంకెలు కొంచెం మారతాయి. కానీ బరువు పరుచుకునే తీరు మాత్రం ఇదే. అతుకు మీద అతుకు పెట్టి కట్టారా, ఆ 16 కిలోలూ ఒకే నిలువు వరస మోయాలి. పక్క వరసకు సంబంధమే ఉండదు. అది గోడ కాదర్రా, పక్కపక్కన నిలబెట్టిన స్తంభాలు. పునాది ఒకచోట కొంచెం కుంగితే పైనుంచి కిందికి చీలిక బారుతుంది.

అతుకులు జరిపి అల్లిన గోడలో గుమ్మం పెట్టినా మొత్తం గోడ బరువు దాని మీద పడదు. పక్కలకు సరిపడా గోడ ఉంటే, గుమ్మం నెత్తిన ఒక త్రికోణం మేరకు ఉన్న ఇటుకల బరువే గుమ్మం పైన అడ్డంగా వేసిన లింటెల్ మోస్తుంది. మిగతాది అటూ ఇటూ జారి గోడలోకి దిగిపోతుంది. పాత ఇళ్లలో గుమ్మం పైన చీలికలు ఏటవాలుగా ఎందుకు వస్తాయో ఇప్పుడు తెలిసింది కదా.

బొంత మోసే బరువంటూ ఏమీ లేదు. దాని కష్టం లాగుడు, అది దారం చూసుకుంటుంది. అందుకే మూలలు కలిసినా ఫరవాలేదు. ఐతే నాలుగు మూలల్లో కుట్టులోకి పోయిన అంచులన్నీ ఒకేచోట పోగైతే ఉండ కడుతుంది. నేర్పున్న చెయ్యి ఒక వరస అంచుల్ని కుడికి, కింది వరసవి ఎడమకి మడిచి ఇస్త్రీ చేస్తుంది. అంటే అక్కడా మందం మీద మందం పడనివ్వదు.

ఇప్పటిదాకా గోడను ఎదురుగా చూశాం. గోడకు మందం కూడా ఉంది, అసలు ప్రాణాపాయం అక్కడుంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలో లాతూరు జిల్లా కిల్లారి చుట్టుపక్కల భూకంపం వచ్చింది. వినాయక నిమజ్జనం ముగించుకుని అలసి పడుకున్న జనం. వేలమంది నిద్రలోనే పోయారు. ఆ ఊళ్లలో రాతిగోడలు మంచి మందం. కానీ బయటొక వరస, లోపలొక వరస పేర్చి, నడుమ మట్టీ రాళ్లముక్కలూ కూరారు. రెండు వరసల్నీ కలిపి పట్టే పొడవాటి అడ్డరాయి చాలాచోట్ల లేదు. భూమి ఊగగానే గోడ నిలువునా రెండు పొరలుగా విడిపోయింది, మట్టి వేసిన బరువైన మిద్దె నెత్తిన పడింది. అందుకే తర్వాత ఇంజనీర్లు పదేపదే చెప్పింది రెండు మాటలు: గోడ మందమంతా పట్టే అడ్డరాయి మధ్యమధ్య వెయ్యండి, ఇంటి చుట్టూ కలిసేలా కాంక్రీటు బెల్టు పొయ్యండి. ఇటుక గోడలో ఆ అడ్డరాయి పని అడ్డంగా పెట్టిన ఇటుక చేస్తుంది.

బొంతలో ఆ పని సూది చేస్తుంది. పైన గుడ్డ, కింద గుడ్డ, నడుమ పాతచీరల పొరలు. చుట్టూ అంచు మాత్రమే కుట్టి వదిలేస్తే రెండు ఉతుకుల్లో లోపలి పొరలు ఒక మూలకు చేరి గడ్డకడతాయి. అందుకే మన అమ్మమ్మలు జానెడు చోటు కూడా వదలకుండా వరసగా కుట్లు వేసేవాళ్లు. కర్ణాటకలో ఉత్తర కన్నడ అడవుల్లో ఉండే సిద్దీలు కూడా అంచునుంచి మొదలుపెట్టి లోపలికి చుట్టూ అలాగే కుట్టుకుంటూ పోతారు. ప్రతి కుట్టూ పొరలన్నిటినీ దూసుకుపోయే ఒక అడ్డరాయే.

మళ్లీ ఇటుక దగ్గరికి వస్తే, దాని బరువు తగ్గించే ప్రయత్నం కూడా పాతదే. ములుగు జిల్లా పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి శిఖరంలో నీళ్లలో తేలే ఇటుకలున్నాయి. లోపలంతా సన్నసన్న గుల్లలు కాబట్టి నీటికంటే తేలిక. కింద రాయి బరువుగా, పైన ఇటుక తేలిగ్గా ఉండడం ఎంత తెలివైన పనో చూడండి. ఇప్పుడు నగరాల్లో తెల్లగానో బూడిదరంగులోనో కనబడే పెద్ద బ్లాకులు 1920లలో స్వీడన్‌లో యోహాన్ ఆక్సెల్ ఎరిక్సన్ చేసిన పనినుంచి వచ్చాయి. సిమెంటు, సున్నం కలిపిన ముద్దలో కొంచెం అల్యూమినియం పొడి వేస్తే హైడ్రోజన్ పుట్టి, పులిసిన ఇడ్లీపిండి పొంగినట్టు పొంగుతుంది. తర్వాత ఆవిరి ఒత్తిడిలో ఉడికించి గట్టిపరుస్తారు. 600 మిల్లీమీటర్ల పొడవు, 200 ఎత్తు, 100 మందం ఉన్న బ్లాకు ఏడెనిమిది కిలోలే ఉంటుంది. అంత చోటుకు మట్టి ఇటుకలైతే ఆరు పడతాయి, మాలుతో కలిపి ఇరవై కిలోలు దాటుతాయి.

సరే, వంటింట్లో ఖాళీ అగ్గిపెట్టెలు ఉన్నాయేమో చూసి పట్రండి. అతుకు మీద అతుకు పెట్టి ఒక గోడ, సగానికి సగం జరిపి ఇంకో గోడ పేర్చండి. ఒక్కోదాని అడుగు వరసలో మధ్య పెట్టెను మెల్లిగా లాగేసి, పైన ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి చెప్పండి నాకు.